పోస్టర్ మీద భాగ్య

అక్టోబర్ 13, సోమవారం, సూర్యాపేట

మా సినిమా ట్రైలర్ శనివారం పెట్టాం. చూసినవాళ్లు తక్కువే. అందులోంచి ఒక్క ముక్కను మాత్రం ఎవరో కోసి విడిగా పెట్టారు. దాన్ని లోకమంతా చూస్తోంది.

యాదమ్మ తాళం అడిగే సీను అది. భర్త పోయాక అతని వరికోత మిషన్ తానే నడుపుకుంటానంటుంది యాదమ్మ. మరుదులు తాళం దాచేస్తారు. పొలం మధ్య బురదలో నిలబడి "తాళం నాకియ్యిండ్రి" అని అరుస్తుంది. 'కోత మిషన్' సినిమా మొత్తాన్ని ఆ ఒక్క అరుపు చుట్టూ రాసుకున్నాను. తీసిన రోజు ఒకే టేకు. కట్ చెప్పడం నేను మర్చిపోయాను. జితేందర్ కెమెరా మీంచి తల ఎత్తి మొహం తుడుచుకున్నాడు తప్ప ఇంకో టేకు మాట ఎత్తలేదు.

ఇప్పుడు దానికి బ్యాండు మేళం తగిలించారు. బైకు తాళం, బీరువా తాళం, హాస్టల్ గేటు తాళం, దేనికైనా యాదమ్మగా వేసిన భాగ్య అరుపే. వాట్సాప్‌లో స్టిక్కర్ కూడా వచ్చేసింది. నోరు వంకర తిరిగి, ముక్కు కారుతూ ఉన్న మొహం. కింద రాసే రాతలు ఆమె రంగు మీద, పళ్ల మీద.

జితేందర్ పొద్దున్నే ఫోన్ చేశాడు. మన టైమొచ్చింది శోభా అన్నాడు. ఇన్నాళ్లూ ఇద్దరం కలిసి ఎక్కని ఆఫీసు మెట్లు లేవు. సినిమా బాగుందంటారు, ఎవరున్నారు ఇందులో అంటారు. ఎవరూ లేరు. ఇప్పుడు ఒకరున్నారు.

అక్టోబర్ 14

భాగ్యకు ఫోన్ చేశాను. క్లాసులో ఉన్నాను, తర్వాత చేస్తానంది. చెయ్యలేదు.

అక్టోబర్ 16, గురువారం

ఈ రోజు దొరికింది. పట్టించుకోవడం లేదక్కా అంది. నవ్వింది కూడా. భాగ్య గట్టి పిల్ల.

మిర్యాలగూడలో ఒక ప్రైవేటు స్కూల్లో ఐదో తరగతికి తెలుగు చెబుతుంది. రోజూ వేములపల్లి నుంచి ఆటోలో వెళ్లి వస్తుంది. వాళ్ల చర్చిలో క్రిస్మస్ నాటకంలో ఒక సత్రం యజమానురాలి వేషం వేసింది. గది ఖాళీ లేదని చెప్పే రెండు మాటలే ఆమెవి. ఆ రెండు మాటలు చెప్పి తలుపు మూసేటప్పుడు ఆమె చూసిన చూపు కోసం నేను రెండోసారి ఆ ఊరు వెళ్లాను. వాళ్ల నాన్న లాజరు మొదట ఒప్పుకోలేదు. తర్వాత తను కౌలుకు చేసే పొలాన్నే షూటింగుకు ఇచ్చాడు.

అలాంటి మనిషి కూతురు, ఇలాంటివాటికి బెదిరిపోదు.

అక్టోబర్ 19, ఆదివారం

హైదరాబాద్ వెళ్లి రాజ్‌కుమార్‌ను కలిశాను. పోయిన ఏడాది ఇదే మనిషి మా సినిమాను ఇంటర్వెల్ దాకా కూడా చూడకుండా లేచిపోయాడు. ఈ రోజు కింద గేటు దాకా వచ్చి పిలుచుకెళ్లాడు. సినిమా పంపిణీ ఆయన పని, జనం దేన్ని చూసి వచ్చినా ఆయనకు తప్పు కాదు. "ఇట్లాంటి పబ్లిసిటీ ఎంత పెట్టినా కొనలేం మేడం. దేవుడిచ్చిండు, తీసుకోండి," అన్నాడు.

పోస్టర్ నమూనా అప్పటికే చేయించి పెట్టాడు. పసుపు రంగు మీద భాగ్య మొహం. నోరు ఉన్నదానికంటే పెద్దది చేశారు. పైన "తాళం నాకియ్యిండ్రి" అని ఎగురుతున్న అక్షరాలు. సినిమా పేరు వెతుక్కుంటే కనిపిస్తుంది. కోత మిషన్ బొమ్మే లేదు.

రెండు రాష్ట్రాల్లో, పెద్ద ఊళ్లన్నిటిలో విడుదల చేస్తానన్నాడు. ఒకటే షరతు. భాగ్య రోడ్ల మీద తిరుగుతూ కనపడ్డవాళ్లనల్లా తాళం అడిగే చిన్న వీడియోలు చెయ్యాలి. తన మీద తనే నవ్వాలి. అప్పుడు జనం ఆమెను సొంతం చేసుకుంటారట.

ఆమెను అడగాలి అని చెప్పి వచ్చాను.

ఒకటి రాసుకోవాలి. ఆ పోస్టర్ చూడగానే నాకు నవ్వొచ్చింది. రాజ్‌కుమార్ అది చూశాడు.

అక్టోబర్ 21

భాగ్యకు అంతా చెప్పాను. పోస్టర్ కూడా పంపాను. "నీ ఇష్టం అక్కా," అంది.

అంటే సరే అన్నట్టే.

అక్టోబర్ 23, గురువారం

అమ్మ ఫోన్‌లో మహిళా సంఘం గ్రూపుకు భాగ్య స్టిక్కర్ వచ్చింది. అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని దాన్ని చాలాసేపు చూసి, "గీ పిల్ల మనింటికొచ్చి అన్నం తిని పోయిన పిల్లనే గదా?" అని అడిగింది. అవునన్నాను. ఎందుకు ఏడుస్తోందని అడిగింది. సినిమాలో అని చెప్పాను. మరి వీళ్లెందుకు నవ్వుతున్నారని అడిగింది.

స్నానానికి నీళ్లు కాగాయని లేచి వచ్చేశాను.

భాగ్య సరే అంది కదా.

అక్టోబర్ 26, ఆదివారం

సూర్యాపేట కొత్త బస్టాండు దగ్గర మొదటి వీడియో తీద్దామనుకున్నాం. జితేందర్ కెమెరాతో తయారుగా ఉన్నాడు. వంద తాళాలు గుచ్చిన ఒక పెద్ద రింగు తెచ్చాడు, భాగ్య మెడలో వేద్దామని. మిర్యాలగూడ బస్సులు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. భాగ్య దిగలేదు. ఫోన్ ఆపేసి ఉంది.

చర్చి అయ్యాక వస్తానంది. మర్చిపోయి ఉంటుంది.

అక్టోబర్ 27, సోమవారం

వేములపల్లి వెళ్లాను. రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోశారు. బస్సు మిగిలిన సగం రోడ్డు మీదనే మెల్లగా పోయింది.

లాజరు ఇంటి ముందే కూర్చుని ఉన్నాడు. షూటింగ్ రోజుల్లో నన్ను చూడగానే కుర్చీ తెప్పించేవాడు. ఈ రోజు నేను నమస్కారం పెడితే తల ఊపి, తువ్వాల భుజాన వేసుకుని పొలం వైపు వెళ్లిపోయాడు. భాగ్య వాళ్లమ్మ అన్నమ్మ నన్ను లోపలికి పిలిచి, కూతురు దాచిందంతా చెప్పింది.

భాగ్య స్కూలుకు వెళ్లి పది రోజులు దాటింది. క్లాసులోకి అడుగు పెడితే చాలు, వెనక బెంచీల నుంచి తాళం, తాళం అని మొదలయ్యేదట. మొదట్లో తనే నవ్వి ఆపించేది. తర్వాత తల్లిదండ్రులు కూడా గేటు దగ్గర ఫోన్లు పట్టుకుని నిలబడుతున్నారని, బాలల దినోత్సవం అయ్యేదాకా ఇంటి దగ్గరే ఉండమని స్కూలు నడిపే ఆయన చెప్పాడు. పోయిన ఆదివారం చర్చి బయట కుర్రాళ్లు లాజరును ఆపి, పెద్దాయనా తాళం దొరికిందా అని అడిగారు. ఆయన ఇంటికొచ్చి అన్నం తినలేదు. నిన్న అసలు చర్చికే వెళ్లలేదు.

భాగ్య వెనక వాకిట్లో బట్టలు ఉతుకుతోంది. నన్ను చూసి లేవలేదు. నేను కూడా గచ్చు మీద కూర్చున్నాను. ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వు అడగలేదక్కా. ఒప్పుకుంటవా అని అడిగినవ్, ఎట్లున్నవని అడగలే."

నేను రాజ్‌కుమార్ చెప్పినవన్నీ మళ్లీ మొదలుపెట్టాను. ఎన్ని ఊళ్లు, ఎంతమంది చూస్తారు, ఆ తర్వాత ఆమెకు ఎన్ని వేషాలు వస్తాయి. నా గొంతు నాకే రాజ్‌కుమార్ గొంతులా వినపడింది. భాగ్య చీర పిండుతూ అంతా విన్నది.

"ఆ దినం నువ్వు ఏడ్వమంటే ఏడ్సిన," అంది. "ఉత్తగ ఏడ్వలే. మా మేనత్త మొగడు సచ్చిపోతే ఇంట్లకెళ్లి ఎల్లగొట్టిన్రు. గామె ఎట్ల అడిగిందో తనే చెప్పంగ ఇన్న, గది యాది తెచ్చుకొని అడిగిన. ఇప్పుడు గా ఏడుపు మీదనే నన్ను నవ్వమంటున్నవ్. ఊరంత నవ్వితే నవ్వనీ, నేనెట్ల నవ్వాలె? గది నాతోని కాదక్కా."

అన్నమ్మ చాయ్ తెచ్చింది. ఇద్దరం తాగాం. వచ్చేటప్పుడు బస్టాపు దాకా భాగ్య రాలేదు, అన్నమ్మ వచ్చింది.

అక్టోబర్ 28

రాజ్‌కుమార్‌కు వద్దని చెప్పాను. ఆయన కోప్పడలేదు. నెల తర్వాత ఆ పిల్లను ఎవరూ గుర్తుపెట్టుకోరు మేడం, మీ సినిమానైతే అసలు పట్టించుకోరు అన్నాడు. కావచ్చు.

జితేందర్ మాత్రం చాలా మాటలన్నాడు. పెళ్లి వీడియోల సీజన్లన్నీ వదులుకుని నీ వెనక తిరిగానన్నాడు, అది నిజం. ఒక్కర్తి కోసం అందరి కష్టాన్నీ కాలవలో పారేశావన్నాడు. ఆ ఒక్కర్తి లేకపోతే సినిమా ఎక్కడిదని అడిగాను. ఫోన్ పెట్టేశాడు.

అక్టోబర్ 30

జితేందర్ ఫోన్ ఎత్తలేదు.

నవంబర్ 2, ఆదివారం

నిర్ణయించుకున్నాను. రెండు రాష్ట్రాలు లేవు, హైదరాబాద్ లేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ. ఈ మూడు ఊళ్ల మధ్య తీసిన సినిమా, ఈ మూడు ఊళ్లలో విడుదల చేస్తాను. సెన్సార్ సర్టిఫికెట్ చేతిలో ఉంది. ఇంకెవరి అనుమతీ నాకు అక్కర్లేదు.

కోతల కాలం ఇది. జనం ఇళ్లలో లేరు. మార్కెట్ యార్డులో, కొనుగోలు కేంద్రాల్లో వడ్ల కుప్పల దగ్గర కాపలా పడుకుంటున్నారు. మిర్యాలగూడలో రైసు మిల్లుల ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. ఫోన్లలో పబ్లిసిటీకి నాకు శక్తి లేదు. కానీ పనేమీ లేక, కదలడానికి వీల్లేక రోడ్ల మీద కూర్చున్న ఇంతమంది మనుషులు మళ్లీ ఆరు నెలల దాకా దొరకరు. వాళ్ల దగ్గరికే పోతాను.

కోదాడలో థియేటర్ చూసుకునే వీరయ్య గారిని కలిశాను. సినిమా మొత్తం కూర్చుని చూశాడు. అయ్యాక లేచి లైట్లు వేసి, "చూడమ్మా, నాకైతే నచ్చింది. అది వేరే సంగతి. జనం వస్తే ఉంచుతాను, రాకపోతే సోమవారం తీసేస్తాను. మొహమాటాలేమీ ఉండవు," అన్నాడు. ఇంత తిన్నగా మాట్లాడిన మనిషి ఈ మధ్య నాకు ఎదురుకాలేదు. సూర్యాపేటలో రెండు ఆటలు ఇస్తామన్నారు. మిర్యాలగూడలో మ్యాట్నీ.

నవంబర్ 21, శుక్రవారం. తేదీ వేసేశాను.

నవంబర్ 5, బుధవారం

కొత్త పోస్టర్ నేనే చేశాను. సాయంత్రపు ఎండ, పండిన వరి, మధ్యలో ఎర్రటి కోత మిషన్. మనుషులు లేరు. భాగ్య మొహం ఎక్కడా లేదు. ఇక ఆమెను ఎవరూ ఏమీ అనలేరు. చాలా అందంగా వచ్చింది. ఆమెకు పంపాను.

నవంబర్ 6, గురువారం

పొద్దున్నే భాగ్య సూర్యాపేట వచ్చింది. అమ్మ ఉప్మా పెడితే తిననంది. ఫోన్‌లో నా పోస్టర్ తీసి నా ముందు పెట్టింది.

"నా మొహమేదక్కా?"

నీకు ఇబ్బంది ఉండకూడదని తీసేశానన్నాను.

"నేను దాక్కుంటనని నీకు చెప్పిన్నా? నవ్వనన్న. గంతే. మొహం పెద్దగ జేసి అమ్మేటోడు గాయన. మొహమే లేకుంట జేసేదానివి నువ్వు. నడుమల నేనేం జేసిన్నో ఎవలకు తెలుస్తది?"

నిన్న రాసింది మళ్లీ చదువుకున్నాను. చాలా అందంగా వచ్చింది అని రాశాను.

ఆమే జితేందర్‌కు ఫోన్ చేసింది. నేను చేస్తే ఎత్తని మనిషి ఆమె చేస్తే ఎత్తాడు. ఆ తాళం సీను మొత్తం తీసుకురా అన్నా అని చెప్పింది. మధ్యాహ్నానికి వచ్చాడు. నాతో మాట్లాడకుండా కంప్యూటర్ పెట్టుకుని కూర్చున్నాడు. ముగ్గురం ఆ సీను ఫ్రేము తర్వాత ఫ్రేము చూశాం. అందరూ కోసి వాడుకున్నది అరుపు. ఆ అరుపు అయిపోయాక చాలాసేపు యాదమ్మ ఏమీ అనదు. నోరు మూసి, తడి మొహంతో, ఎడం చెయ్యి ముందుకు చాపి నిలబడుతుంది. భాగ్య స్క్రీను మీద వేలు పెట్టి ఇది అంది.

జితేందర్ చాలాసేపు ఆ ఫ్రేము చూశాడు. తీసింది తనే. ఇది ఉందని నాకు యాదికే లేదన్నాడు. నాతో అన్నాడు.

చాపిన చెయ్యి, నేరుగా చూసే కళ్లు. పైన "తాళం ఎవరి దగ్గర ఉంది?" అని రాశాం. కింద సినిమా పేరు, ఊళ్లు, తేదీ. రేపు ప్రింటింగుకు ఇస్తాను.

నవంబర్ 7

లాజరు ఏమన్నాడని భాగ్యను అడిగాను. పోస్టర్ చూపించానంది. చూసి, ఫోన్ తిరిగిచ్చి పొలానికి వెళ్లిపోయాడట.

నవంబర్ 11, మంగళవారం

బాల్యా ఆటో మాట్లాడాను. ఎన్నికలప్పుడు మైకు కట్టుకుని తిరిగే ఆటో అది. ప్రకటన చదవడానికి మంచి గొంతున్న ఒకాయనను పిలిపించాను. రండి, చూడండి, ఆనందించండి అని చదివాడు. బాల్యా ఇంజిన్ ఆపి, సర్కస్ వచ్చిందనుకుంటారమ్మా అన్నాడు. భాగ్య మైకు తీసుకుని తనే మాట్లాడింది. కాగితం చూడలేదు.

నవంబర్ 13, గురువారం, మిర్యాలగూడ

రైసు మిల్లుల రోడ్డు. వడ్ల లోడుతో ట్రాక్టర్లు కంటికి అందినంత దూరం నిలబడి ఉన్నాయి. కొందరు ట్రాలీల కింద నీడలో పడుకున్నారు. కొందరు పేకాట. ఆడవాళ్లు రోడ్డు పక్కన మూడు రాళ్లు పెట్టి అన్నం వండుతున్నారు. బాల్యా ఆటో నడక వేగంతో పోతోంది, భాగ్య వెనక కూర్చుని మాట్లాడుతోంది, జితేందరూ నేనూ కరపత్రాలు పంచుతూ నడుస్తున్నాం.

సగం దూరం వెళ్లామో లేదో, ఒక ట్రాలీ మీదున్న కుర్రాళ్లు ఆమెను గుర్తుపట్టారు. ఒకడు లేచి నిలబడి ఆ మాట అరిచాడు, నోరు వంకర తిప్పి. పక్క ట్రాక్టర్ వాళ్లు అందుకున్నారు. ఫోన్లు పైకి లేచాయి. నేను బాల్యాకు పోనివ్వమని సైగ చేశాను. భాగ్య అతని భుజం మీద చెయ్యి వేసి ఆపించింది. ఆటో దిగింది. మైకు వైరు ఎంత దూరం వస్తే అంత దూరం వాళ్ల వైపు నడిచింది.

"అవు, నేనే," అంది. ఆమె మాట రోడ్డు పొడుగునా వినిపించింది. "నేను అడుగుడు మీరందరు సూసిన్రు. ఎవల్ని అడిగిన్నో, ఎందుకడిగిన్నో సూడలే. మొగడు సచ్చిన మనిషి, మొగని మిషను అడిగింది. ఇచ్చిన్రా, ఇయ్యలేదా? వచ్చే వారం శుక్రవారం రాండ్రి, కూసోని సూడుండ్రి. అప్పటికి గూడ నవ్వొస్తే నవ్వుండ్రి, నేనేమన."

ఆ కుర్రాడు ఇంకోసారి అరిచాడు. ఈసారి ఎవరూ అందుకోలేదు.

అన్నం వండుతున్న ఒకామె గరిటె చేతిలో పట్టుకునే లేచి వచ్చింది. పేరు పార్వతి అని చెప్పింది. తన భర్త పోయిన రోజే బావ ట్రాక్టర్ కాగితాలు తీసుకెళ్లాడట. మీ సినిమాల ఆమెకు దొరికిందా బిడ్డా అని అడిగింది. భాగ్య చెప్పలేదు. శుక్రవారం రా అక్కా అని ఒక కరపత్రం ఇచ్చింది. పార్వతి దాన్ని మడిచి కొంగున కట్టుకుంది.

తిరిగి ఆటో ఎక్కాక భాగ్య నీళ్లడిగింది. నీళ్లిచ్చాను. తాగి, ఇంకా ఎంత రోడ్డుందన్నా అని బాల్యాను అడిగింది.

నవంబర్ 14

ఈ రోజు స్కూల్లో బాలల దినోత్సవం. భాగ్య ఆ మాట ఎత్తలేదు. కోదాడ అంతా తిరిగాం.

నవంబర్ 18, మంగళవారం

శుక్రవారం పెద్ద సినిమా ఒకటి దిగుతోంది. సూర్యాపేటలో మా రెండు ఆటలూ ఒకటైపోయాయి. ఉదయం ఆట మాత్రమే. సరే. ఒక ఆటే. గోడలన్నిటి మీదా వాళ్ల పోస్టర్లు పడుతున్నాయి. తుంగతుర్తి రోడ్డు వైపు మా పోస్టర్లు మళ్లీ అంటించాను. మైదా డబ్బా నేనే పట్టుకున్నాను, అమ్మ చూసి, పాత చీర కట్టుకుని పొమ్మంది.

నవంబర్ 21, శుక్రవారం, సూర్యాపేట

హాలు సగం కూడా నిండలేదు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది కాలేజీ కుర్రాళ్లు. గోల చెయ్యడానికే వచ్చారని కూర్చునే తీరులోనే తెలుస్తోంది. భాగ్య చివరి వరుసలో నాకూ జితేందర్‌కూ మధ్య కూర్చుంది. బయట ఉందామా అన్నాను. వద్దంది.

యాదమ్మ తెర మీదికి రాగానే ఈలలు. ఏ సీను వచ్చినా తాళం, తాళం అని కేకలు. భర్త చనిపోయే సీనులో కూడా ఎవడో అరిచాడు. దానికి నవ్వు తక్కువ వచ్చింది. ఆ తర్వాత మరుదులు తాళం తీసి లుంగీ మడతలో దోపుకునే సీను. ఈ ముక్క ఎవరూ చూడలేదు, ట్రైలర్‌లో లేదు. హాలులో గోల కొంచెం తగ్గింది. బురదలోకి యాదమ్మ దిగింది. కుర్రాళ్లు ముందే అందుకుని, ఆమె కంటే ముందు ఆ మాట అరిచేశారు. తర్వాత ఆమె అరిచింది.

ఆ తర్వాత చెయ్యి చాపింది. సినిమాలో ఆ చెయ్యి చాలాసేపు అలాగే ఉంటుంది. ఎడిటింగులో చూసినవాళ్లు తగ్గించమంటే నేను ఒప్పుకోలేదు. ఎవరూ తాళం ఇవ్వరు. చిన్న మరిది ఉమ్మేసి వెళ్లిపోతాడు.

హాలులో ఫ్యాన్ల చప్పుడు వినిపించింది. ముందు వరుసలో ఒక కుర్రాడు మళ్లీ మొదలుపెట్టబోతే పక్కవాడు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. భాగ్య తెర వైపు చూడడం లేదు. వాళ్ల తలల వైపు చూస్తోంది.

అందరూ మారిపోలేదు. కొందరు ఇంటర్వెల్‌కే వెళ్లిపోయారు. బయట ఒకడు భాగ్యతో సెల్ఫీ అడిగి, నోరు వంకర తిప్పబోయి ఆగిపోయాడు. మామూలుగా దిగాడు.

నవంబర్ 23, ఆదివారం

సూర్యాపేటలో రేపటి నుంచి తీసేస్తున్నారు. నా సొంత ఊళ్లో మూడు రోజులు.

కోదాడ నుంచి వీరయ్య గారి ఫోను. "శనివారం కంటే ఇవాళ ఎక్కువ వచ్చారమ్మా. ఇట్టాంటి సినిమాకు అట్టా జరగదు. ఉంచుతున్నాను," అన్నాడు. చెప్పిన మాట ప్రకారమే.

నవంబర్ 25, మంగళవారం, మిర్యాలగూడ

మ్యాట్నీకి జనం లేరు. ఎందుకో పార్వతి చెప్పింది. కూలికి పోయే ఆడవాళ్లు మధ్యాహ్నం ఎట్లొస్తారని అడిగింది. ఈ మాత్రం నాకు తట్టలేదు. పోస్టర్ ఎలా ఉండాలని నెల రోజులు కొట్టుకున్నాను, ఆట ఎప్పుడుండాలని ఆలోచించలేదు. మేనేజర్‌ను బతిమాలి ఫస్ట్ షోకు మార్పించాను.

నవంబర్ 27, గురువారం, మిర్యాలగూడ

ఆరు గంటలకు ముందే ఆటోలు, ట్రాలీలు వచ్చి నిలబడ్డాయి. వేములపల్లి నుంచి, చుట్టుపక్కల నుంచి. కోత పనిలోంచి నేరుగా వచ్చినవాళ్ల తలల్లో గడ్డి పరకలు అలాగే ఉన్నాయి. కింద క్లాసు నిండి, పైకి పంపారు. తాళం అడిగే సీనులో ఎవరూ అరవలేదు. ఎక్కడో ఒకామె మాత్రం, ఇయ్యిండ్రిరా దానికి, అని తెరకు చెప్పింది. చివర్లో యాదమ్మ మిషన్ ఎక్కి పొలంలోకి దిగినప్పుడు లేచిన చప్పట్లు నేను ఇక్కడ రాయలేను.

ఆట వదిలాక మెట్ల దగ్గర లాజరు కనపడ్డాడు. వస్తున్నట్టు ఎవరికీ చెప్పలేదట. తెల్లచొక్కా వేసుకున్నాడు. నన్ను చూసి ఆగాడు.

"మా అక్క గిట్లనే నిలవడ్డది," అన్నాడు. "చెయ్యి గిట్లనే సాపింది. నేను గప్పుడు చిన్నోణ్ణి, ఎనక దాక్కున్న." కొంచెం సేపు పోస్టర్ వైపు చూశాడు. "ఎల్లుండి దాక ఉంటదా ఆట?"

ఉంటుందన్నాను.

డిసెంబర్ 1

భాగ్య స్కూలుకు వెళ్లింది. తనే వెళ్లింది, ఎవరూ పిలవలేదు. స్కూలు నడిపే ఆయన కూర్చోమన్నాడు, ఆమె కూర్చోకుండా నేరుగా క్లాసులోకి వెళ్లిందట.

డిసెంబర్ 3

కోదాడలో రెండో వారం. హుజూర్‌నగర్ నుంచి అడుగుతున్నారు. తుంగతుర్తిలో ఒక ఫంక్షన్ హాలు మాట్లాడుతున్నాను. రాజ్‌కుమార్ నుంచి కంగ్రాట్స్ అని మెసేజ్. జవాబిచ్చాను, థాంక్స్ అని. అంతకంటే ఏమీ రాయాలనిపించలేదు.

డిసెంబర్ 7, ఆదివారం, వేములపల్లి

క్లాసులో పిల్లలు భాగ్యను ఒకటే అడిగారట. టీచర్, మీకు నిజంగా ఆ మిషన్ వచ్చా అని. రాదని చెప్పింది. దూరం నుంచి తీసిన షాట్లలో మిషన్ నడిపింది ఆపరేటర్ సాయికిరణ్, భాగ్య చీర కట్టుకుని. పిల్లల మొహాలు చిన్నబోయాయట. నాకే మంచిగనిపించలేదక్కా, నేర్సుకుంట అని నాకు ఫోన్ చేసింది.

చర్చి అయ్యాక లాజరు పొలానికి వెళ్లాం. ఆలస్యంగా నాటిన మడి ఒకటి మిగిలి ఉంది. సాయికిరణ్ మిషన్ తెచ్చాడు. బయలుదేరుతుంటే జితేందర్ ఫోన్ చేశాడు. దీన్ని తప్పకుండా తియ్యి, హుజూర్‌నగర్‌కు ఇంతకు మించిన పబ్లిసిటీ లేదన్నాడు. నిజమే. కెమెరా సంచి నా భుజానే ఉంది.

సాయికిరణ్ పక్కన నిలబడి చెబుతుంటే భాగ్య సీట్లో కూర్చుంది. రెండుసార్లు ఇంజిన్ ఆగిపోయింది. మూడోసారి మిషన్ కదిలింది. మిషన్ ముందున్న పళ్ల చక్రంలోకి వరి వంగుతూ లోపలికి పోయింది. మొదటి చాలు వంకరగా వచ్చింది, మధ్యలో కొన్ని కుదుళ్లు మిగిలిపోయాయి. లాజరు కొడవలి తీసుకుని వెనకే వెళ్లి, మిగిలిన కుదుళ్లను ఒక్కొక్కటే కోసి వేశాడు. అన్నమ్మ ఒకటే నవ్వు.

నేను సంచిని గట్టు మీద పెట్టాను. విప్పలేదు. సినిమాలో లేనిది ఇది, పోస్టర్‌కు సంబంధించింది కాదు. ఇది భాగ్యది.

మడి చివర సాయికిరణ్ దిగిపోయాడు. భాగ్య ఒక్కతే మిషన్ తిప్పుకుంది. మేము నిలబడిన వైపే రావడం మొదలుపెట్టింది. దుమ్ములోంచి ఏదో చెబుతోంది. చప్పుడులో వినపడలేదు. స్టీరింగ్ మీంచి ఒక చెయ్యి తీసి, పక్కకు జరగండన్నట్టు ఊపింది.

లాజరూ నేనూ గట్టు దిగి పక్కకు జరిగాం.